పాత ఆపరేటింగ్ సిస్టంను తొలగించే క్రమం

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. కంప్యూటర్ విషయంలో ఈ సామెత చెల్లదు. ఒకే హార్డ్ డిస్కును విభజించి, ఒక భాగంలో పాత ఆపరేటింగ్ సిస్టంను, మరొక భాగంలో కొత్తదానిని నిలుపుకోవచ్చును. కంప్యూటర్‌ను ప్రారంభించగానే తెరపై రెండు పేర్లు కనిపిస్తాయి, ఎంచుకున్నది పనిచేస్తుంది. అలవాటైన పాత ప్రోగ్రాములను విడువలేనివారు ఇట్టి ఏర్పాటు చేసుకుంటారు.

అయితే ప్రతి ఆపరేటింగ్ సిస్టంకూ కాలం చెల్లే రోజు వస్తుంది. మైక్రోసాఫ్ట్ సంస్థ మద్దతు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న ముగిసింది. భద్రతా సవరణలు అందని వ్యవస్థతో ఇంటర్నెట్‌ను వాడడం గడియ వేయని ఇంట్లో నిద్రించడం వంటిది. పైగా అది డిస్కులో చాలా చోటును ఆక్రమించి ఉంటుంది. కనుక తొలగించడం ఉచితమే. కాని తొందరపాటు తగదు.

మొదట భద్రపరచవలసినవి

ఫొటోలను, ఉత్తరాలను మరొక డిస్కులోకి ఎక్కించుకోవాలని అందరికీ తెలుసు. తెలుగువారికి మరొక ప్రత్యేక సమస్య కలదు. యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే స్థానం లభించింది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది. అంతకుముందు, ఆ తరువాత కూడా చాలాకాలం, అను ఫాంట్ల వంటి వాటితో టైపు చేసిన తెలుగు, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాలలోనే నిక్షిప్తమైంది. అట్టి ఫైలును మాత్రమే దాచి, ఫాంటును పాత విండోస్‌తోపాటు చెరిపివేస్తే, తాతగారి ఆత్మకథ అయినా పెళ్ళి శుభలేఖ అయినా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మిగులుతుంది. కావున ఫాంట్లను కూడా దాచుకోవాలి. పాత వ్యవస్థ పనిచేస్తుండగానే ఆ ఫైళ్ళను పి.డి.ఎఫ్. రూపంలోకి మార్చుకుంటే మరీ మంచిది. సాధారణంగా ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది. దాచిన ప్రతులను వేరొక కంప్యూటర్‌లో తెరిచి చూసిన తరువాతనే ముందుకు సాగాలి.

తాళంచెవి ఎవరి వద్ద?

కంప్యూటర్ ప్రారంభమైనప్పుడు ఏ వ్యవస్థను మేల్కొలపాలో నిర్ణయించే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దానిని బూట్ లోడర్ అంటారు. ఇటీవలి యంత్రాలలో దీనికి ప్రత్యేకంగా ఒక చిన్న భాగం ఉంటుంది; దానిని ఎన్నడూ తాకరాదు. పాత పద్ధతి యంత్రాలలో మాత్రం, ఎక్స్‌పీ ఉండగా విండోస్ 7ను చేర్చినప్పుడు, కొత్తదాని ప్రారంభ ఫైళ్ళు కూడా ఎక్స్‌పీ ఉన్న భాగంలోనే చేరుతుంటాయి. పాత అద్దెదారును పంపివేస్తే ఇంటి తాళంచెవి అతనితోనే వెళ్ళిపోయినట్లు, ఎక్స్‌పీతోపాటు విండోస్ 7 కూడా నిలిచిపోతుంది.

దీనిని కనుగొనడానికి కొత్త విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌ను తెరవాలి. అక్కడ ‘సిస్టం’ అని గుర్తు ఉన్న భాగంలో ప్రారంభ ఫైళ్ళు, ‘బూట్’ అని గుర్తు ఉన్న భాగంలో ప్రస్తుతం నడుస్తున్న విండోస్ ఉంటాయి. పేర్లు తారుమారైనట్లు తోచినా వాస్తవం ఇదే. పాత భాగానికే ‘సిస్టం’ గుర్తు ఉంటే, ముందుగా ప్రారంభ ఫైళ్ళను కొత్త భాగానికి మార్పించాలి. ఈ పనిని అనుభవజ్ఞులకు అప్పగించడం మేలు.

తొలగింపు

ముందుగా ఒక యు.యస్.బి. డ్రైవుపై పునరుద్ధరణ సాధనాన్ని సిద్ధం చేసుకోవాలి. తరువాత కొత్త విండోస్‌లో సిస్టం కాన్ఫిగరేషన్‌ను తెరిచి, బూట్ పుటలో కొత్తదానిని ప్రధానమైనదిగా నిర్ణయించి, పాతదాని పేరును తీసివేయాలి. ఇందువలన పాత ఫైళ్ళు ఏవీ చెరగవు. జాబితాలో పేరు మాత్రమే పోతుంది. కంప్యూటర్‌ను ఒకటి రెండు సార్లు ఆపి ప్రారంభించి, సవ్యంగా నడిచిన పిమ్మటనే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత భాగాన్ని చెరపాలి.

ఖాళీ అయిన చోటు కొత్త భాగానికి వెంటనే కుడివైపున ఉంటేనే ఈ సాధనంతో దానిలో కలుపుకోవచ్చు. ఎడమవైపున ఉంటే దానిని ఫార్మాట్ చేసి, ఫొటోలకూ పత్రాలకూ వేరొక అరగా వాడుకోవచ్చును.

చెరపడానికి కొన్ని క్షణాలు చాలు. దాచినవాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూడడానికి ఒక ఆదివారం పట్టవచ్చు. ఆ ఆదివారాన్ని వెచ్చించిన తరువాతనే ఆ క్షణాలను ఉపయోగించాలి.