ఫోన్ ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్: స్పీడ్ పెరిగేది కాసేపే.. పోయేవి మాత్రం చాలానే!

గేమ్ మంచి ఊపులో ఉంటుంది. సరిగ్గా శత్రువు ఎదురుపడే సమయానికి స్క్రీన్ ఆగిపోతుంది. తేరుకునేలోపు ఆట ముగిసిపోతుంది. ఇలాంటప్పుడే చాలామంది 'ఫోన్ స్పీడ్ పెంచడం ఎలా' అని యూట్యూబ్‌లో వెతుకుతారు. అక్కడ ఎదురయ్యే మాటల్లో ఒకటి ఓవర్‌క్లాకింగ్. ఒక ఫైల్ ఎక్కిస్తే చాలు, పాత ఫోన్ కాస్తా కొత్త ఫోన్‌లా పరుగెడుతుందని ఆ వీడియోలు ఊరిస్తుంటాయి. నిజంగా పరుగెడుతుందా అంటే.. కాసేపు పరుగెడుతుంది. అది ఎంతసేపు, దానికోసం ఏం వదులుకోవాలి అన్నదే ఇక్కడ తెలుసుకోవాల్సిన విషయం.

అసలు ఓవర్‌క్లాకింగ్ అంటే ఏంటి?

ప్రాసెసర్ లోపల ఒక క్లాక్ గుండెలా నిరంతరం కొట్టుకుంటూ ఉంటుంది. 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ అంటే సెకనుకు 200 కోట్ల సార్లు కొట్టుకుంటుందన్నమాట. కంపెనీ పెట్టిన గరిష్ఠ వేగాన్ని దాటించి ఈ సంఖ్యను పెంచడమే ఓవర్‌క్లాకింగ్. ఇది సెట్టింగ్స్‌లో దొరికే ఆప్షన్ కాదు. ముందు ఆండ్రాయిడ్ ఫోన్ బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేయాలి. అలా చేయగానే ఫోన్‌లోని ఫొటోలు, ఫైళ్లు అన్నీ చెరిగిపోతాయి. తర్వాత రూట్ చేసి, వేగాల పట్టిక మార్చిన కెర్నల్ ఎక్కించాలి. ఐఫోన్ వాడేవాళ్లకు మామూలుగా ఈ దారే లేదు.

మరి ప్లేస్టోర్‌లో కనిపించే బూస్టర్ యాప్‌ల సంగతేంటి? రూట్ చేయని ఫోన్‌లో ఏ మామూలు యాప్‌కీ ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని మార్చే అధికారం ఉండదు. అవి చేసేదల్లా వెనకాల నడుస్తున్న యాప్‌లను మూసేసి, ఒక రాకెట్ బొమ్మ చూపించి, మధ్యలో రెండు యాడ్‌లు వేయడమే.

ఒకప్పుడు లాభం ఉండేది

ఓవర్‌క్లాకింగ్‌కు పేరు ఊరికే రాలేదు. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ 2008లో వచ్చింది. అందులోని చిప్ 528 మెగాహెర్ట్జ్ వరకు వెళ్లగలదు. కంపెనీ మాత్రం బ్యాటరీ కోసం 384 దగ్గరే ఆపింది. రూట్ చేసినవాళ్లు ఆ తాళం తీసేసరికి ఫోన్ చురుగ్గా మారింది. 2009లో వచ్చిన మోటోరోలా డ్రాయిడ్ అయితే మరీను. 550 మెగాహెర్ట్జ్ ఫోన్‌ను ఏకంగా 1 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లినవాళ్లున్నారు. అప్పట్లో కంపెనీలు చిప్‌లో చాలా వేగాన్ని వాడకుండా వదిలేసేవి కాబట్టే అది సాధ్యమైంది.

ఇప్పుడు ఆ మిగులు దాదాపు లేదు. ఉన్న కాస్త వేగాన్ని కంపెనీలే పిండేసి అమ్ముకుంటున్నాయి. 2019లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 855 ప్లస్ తెచ్చింది. మామూలు 855 వేగం 2.84 గిగాహెర్ట్జ్ కాగా, ఇది 2.96. 2023లో గెలాక్సీ ఎస్23 కోసం ప్రత్యేకంగా ఇచ్చిన స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 వేగం 3.36. మిగతా చాలా ఫోన్లలో అదే చిప్ 3.2 దగ్గర ఆగింది. ఇవి కంపెనీ స్వయంగా చేసిన ఓవర్‌క్లాకింగ్‌లే అనుకోవచ్చు. చిప్ తయారు చేసినవాళ్లకే దక్కిన పెంపు నాలుగైదు శాతం. అలాంటిది ఇంట్లో కూర్చుని ఏ పరీక్షా లేకుండా 20 శాతం పెంచుతామంటే ఎలా?

పైగా ఒకే మోడల్‌లోనూ ప్రతి చిప్ ఒకేలా ఉండదు. ఒకరి ఫోన్ తట్టుకున్న వేగం పక్కవాడి ఫోన్‌ను రీస్టార్ట్‌ల మీద రీస్టార్ట్‌లు చేయించొచ్చు. ఇంకో విషయం, కొత్త స్నాప్‌డ్రాగన్ చిప్‌లలో సీపీయూ వేగాల పట్టిక హార్డ్‌వేర్ చేతిలోనే ఉంటుంది. కెర్నల్ మార్చినా దాన్ని దాటడం దాదాపు కుదరదు. అందుకే ఇప్పుడు ఈ సరదా ఉన్నవాళ్లు ఎక్కువగా గ్రాఫిక్స్ చూసుకునే జీపీయూ మీద పడుతున్నారు.

అసలు విలన్ వేడి

వేగం పెంచితే వోల్టేజ్ కూడా పెంచాల్సి వస్తుంది. లేకపోతే చిప్ తప్పులు చేస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. చిప్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ వర్గంతోనూ పెరుగుతుంది. అంటే వేగం 10 శాతం, వోల్టేజ్ 10 శాతం పెంచితే కరెంటు ఖర్చు 10 కాదు, సుమారు 33 శాతం పెరుగుతుంది. ఆ ఖర్చంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. డెస్క్‌టాప్ కంప్యూటర్‌కైతే పెద్ద ఫ్యాన్ ఉంటుంది, కావాలంటే నీళ్లతో చల్లబరచవచ్చు. చాలా ఫోన్లకు ఫ్యాన్ లేదు, గాలి ఆడే సందూ లేదు. పైగా వెనకాల ఒక మందపాటి కవర్!

ఉష్ణోగ్రత హద్దు దాటగానే ఫోన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అందుకే ఓవర్‌క్లాక్ చేసిన ఫోన్ బెంచ్‌మార్క్ యాప్‌లో పెద్ద స్కోరు చూపించినా, అరగంట గేమ్ ఆడేసరికి మామూలు ఫోన్ కంటే వెనకబడే అవకాశం కూడా ఉంది. కొందరు ఈ థ్రాట్లింగ్‌నే ఆపేసే ఫైళ్లు ఎక్కిస్తారు. ఇది కారుకు బ్రేకులు పీకేయడం లాంటి పని. చిప్ సంగతి అటుంచితే, పక్కనే ఉన్న లిథియం అయాన్ బ్యాటరీకి వేడి అంటే అస్సలు పడదు. త్వరగా చార్జ్ నిలుపుకునే శక్తి పోతుంది, ఉబ్బే ముప్పూ పెరుగుతుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోట వాడమని యాపిల్ చెబుతుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల ఎండల్లో ఓవర్‌క్లాక్ చేయకముందే ఆ హద్దు దాటిపోతుంది.

బ్యాంకు యాప్‌లు మొరాయిస్తే?

వీడియోల్లో చెప్పని నష్టం ఇంకోటుంది. గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ అనే తనిఖీ ద్వారా యాప్‌లు ఫోన్ భద్రతను పరీక్షిస్తాయి. బూట్‌లోడర్ అన్‌లాక్ అయి, రూట్ అయిన ఫోన్ అని తేలితే చాలా బ్యాంకింగ్, పేమెంట్ యాప్‌లు తెరుచుకోకపోవచ్చు. టీ కొట్టు నుంచి కరెంటు బిల్లు దాకా యూపీఐ మీదే నడిచే ఈ రోజుల్లో గేమ్‌లో నాలుగు ఫ్రేములు పెరిగి, చెల్లింపులు ఆగిపోతే అది లాభం ఎలా అవుతుంది? దాన్ని దాటించే చిట్కాలు ఉన్నాయంటారు. కానీ అవి ఇవాళ పనిచేసి రేపు ఆగిపోతుంటాయి. పైగా రూట్ అధికారం ఏదైనా దొంగ యాప్ చేతికి చిక్కితే ఓటీపీలు కూడా భద్రం కాదు.

శాంసంగ్ ఫోన్లలో పరిస్థితి మరీ కఠినం. అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాక్స్ అనే భద్రతా వ్యవస్థలోని ఒక ఫ్యూజ్ శాశ్వతంగా తెగుతుంది. మళ్లీ పాత సాఫ్ట్‌వేర్ వేసినా అది అతుక్కోదు. సెక్యూర్ ఫోల్డర్ లాంటి సౌకర్యాలు ఇక రావు. వారంటీ మీదా ఆశ వదులుకోవాల్సిందే.

మరి స్పీడ్ కావాలంటే?

లాభం అసలే లేదని కాదు. పక్కన పడేసిన పాత ఫోన్, అందులో బ్యాంకు యాప్‌లు లేవు, పోయినా బాధ లేదు అనుకుంటే ప్రాసెసర్ ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి అది మంచి ప్రయోగశాల. తెలిసినవాళ్లు అక్కడ కూడా వేగం పెంచడం కంటే వోల్టేజ్ తగ్గించే అండర్‌వోల్టింగ్‌నే ఎక్కువ ఇష్టపడతారు. ఫోన్ చల్లగా ఉంటే ఉన్న వేగమే ఎక్కువసేపు నిలుస్తుంది మరి.

రోజూ వాడే ఫోన్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. గేమ్ ఆడేటప్పుడు కవర్ తీసేయాలి. చార్జింగ్ పెట్టి ఆడొద్దు. కొన్ని ఫోన్లలో చార్జర్ కరెంటు బ్యాటరీలోకి వెళ్లకుండా నేరుగా ఫోన్‌ను నడిపే బైపాస్ చార్జింగ్ ఉంటుంది, ఉంటే వాడుకోవచ్చు. గ్రాఫిక్స్ ఒక మెట్టు దించి, ఫ్రేమ్ రేట్ 90 నుంచి 60కి తగ్గిస్తే వేడి తగ్గి, ఆట మధ్యలో తడబడటం కూడా తగ్గుతుంది. వెనక క్లిప్‌లా తగిలించే చిన్న కూలర్ ఫ్యాన్లూ మార్కెట్లో దొరుకుతున్నాయి. స్టోరేజ్ నిండిపోయినా ఫోన్ నెమ్మదిస్తుంది, ముందు అది ఖాళీ చేసి చూడాలి.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లకు ఈ విషయం ఇంకా ముఖ్యం. పాత యజమాని ఇలాంటి ప్రయోగాలు చేశాడేమో కొనేముందే చూసుకోవచ్చు. ఫోన్‌ను ఒకసారి స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేయాలి. బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు మొదలయ్యేటప్పుడే స్క్రీన్ మీద హెచ్చరిక చూపిస్తాయి. అది కనిపించినా, కనిపించకపోయినా డబ్బులు ఇవ్వకముందే అదే ఫోన్‌లో మీ బ్యాంకు యాప్ ఇన్‌స్టాల్ చేసి తెరుచుకుంటుందో లేదో చూడండి. పిన్ మాత్రం అప్పుడే కొట్టొద్దు.