గీత గీస్తే కత్తి

సున్నా చుడితే పిడికిలి. తిన్నగా లాగితే కత్తి. లాగి మూల తిప్పితే తుపాకి. ‘ది వండర్‌ఫుల్ 101’ అనే వీడియో గేమ్‌లో ఆయుధాలు బటన్లలో ఉండవు, గీతల్లో ఉంటాయి. భూమి మీదికి దండెత్తిన గ్రహాంతరవాసులను నూరుమంది సూపర్‌హీరోలు ఎదుర్కొంటుంటారు. మనం గీత గీయగానే వాళ్లు దాని వెంట చీమలబారులా చేరి, ఒకరినొకరు పట్టుకుని, కలిసికట్టుగా ఆ ఆయుధమై కూర్చుంటారు. గీత ఎంత పొడవైతే ఆయుధం అంత పెద్దది. దారిన పోయే జనం చుట్టూ గీత చుట్టేస్తే వాళ్లూ దండులో కలుస్తారు. నూట ఒకటో హీరో ఎవరంటారా, ఆడేవాడే.

దీన్ని తయారుచేసింది ఒసాకాలోని ప్లాటినమ్‌గేమ్స్. దర్శకుడు హిడెకి కామియా. గీతలతో ఆయన ఆడుకోవడం ఇది మొదలు కాదు. 2006 నాటి ‘ఓకామి’లో తెర మీద కుంచె తిప్పించాడు. అక్కడ కుంచె ఎత్తితే లోకం ఆగిపోయేది, తీరిగ్గా దిద్దుకోవచ్చు. ఇక్కడ ఆ సుఖం లేదు. కాలం కాస్త నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. చెయ్యి తడబడితే రాక్షసయంత్రం దెబ్బ తగులుతుంది.

2013లో ఈ ఆట నింటెండో వారి వీ-యూ యంత్రం కోసం వచ్చింది. ఆ యంత్రం ప్రత్యేకత దాని కంట్రోలర్: చేతిలోనే 6.2 అంగుళాల టచ్‌స్క్రీన్. ఎదురుగా టీవీ ఒకటి, ఒళ్లో తెర ఇంకొకటి. వేలితో గీయమనే కదా దీని అర్థం అనిపిస్తుంది. కానీ అదే గీతను కుడి బొటనవేలి కింది స్టిక్‌తోనూ గీయవచ్చు. ఆటకు ఆయుష్షు పోసింది ఆ స్టిక్కేనని నా లెక్క.

వేలికీ స్టిక్కుకీ తేడా చిన్నది కాదు. టచ్‌స్క్రీన్ వేలు ఎక్కడుందో చెబుతుంది. స్టిక్ ఎటు వంగిందో మాత్రమే చెబుతుంది. దాని అడుగున అడ్డానికొకటి, నిలువుకొకటి చొప్పున వంపును కొలిచే భాగాలు రెండుంటాయి. ఆట ఆ రెండు కొలతలనూ క్షణానికి ఎన్నోసార్లు చదువుకుంటూ, గీత కొసను ఆ దిక్కుకు కొంచెం కొంచెంగా జరుపుతుంది. అందుకే స్టిక్‌ను కుడివైపు వంచి ఊరుకుంటే గీత దానంతటదే సాగిపోతుంది. స్టిక్‌ను ఒక్క చుట్టు తిప్పితే సున్నా పూర్తవుతుంది. వేలితో రాయడం పలక మీద బలపం పట్టడం లాంటిదైతే, ఇది సైకిల్ హ్యాండిల్ తిప్పుతూ నేల మీద చక్రం జాడతో అక్షరం దిద్దడం.

చిక్కంతా పోలికలున్న గీతలతోనే. కొరడాకు వంపులు తిరిగే అల, గోళ్లకు మెరుపులాంటి వంకరటింకర గీత. కంగారులో మూలలు కాస్త గుండ్రబడ్డాయా, మెరుపు అలైపోతుంది. గోళ్లు కావలసిన చోట కొరడా ఊడిపడుతుంది. చాలామంది విసుక్కుని వదిలేసింది ఇక్కడే. ఆట నేర్పడంలో కొంత పిసినారితనం చూపిందన్నదీ నిజమే. కానీ నాలుగు రోజులు ఓపిక పడితే వేలు గీతను మరచిపోతుంది, కత్తి అనుకుంటే కత్తి వస్తుంది.

ఆ నాలుగు రోజుల ఓపికకు ముందే యంత్రం మూలపడింది. వీ-యూలు మొత్తం అమ్ముడైనవి సుమారు 1 కోటి 36 లక్షలే. 2017లో తయారీ ఆపేశారు. ఆట కూడా దానితోపాటే అటకెక్కింది. దాన్ని కొత్త యంత్రాల మీదికి తేవడానికి 2020 ఫిబ్రవరిలో ప్లాటినమ్‌గేమ్స్ కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో 50,000 డాలర్లు అడిగితే అభిమానులు 15 లక్షలకు పైగా కుమ్మరించారు. ఆ ఏడాది మేలో స్విచ్, ప్లేస్టేషన్ 4, పీసీల మీదికి రీమాస్టర్ వచ్చింది. సంస్థ సొంతంగా ప్రచురించిన మొదటి ఆట ఇదే.

గీతలు కొత్త ఇళ్లలో సులువుగానే సర్దుకున్నాయి, స్టిక్ లేని కంట్రోలర్ ఎక్కడుంది గనక! ఇబ్బంది పెట్టింది ఒళ్లోని రెండో తెర. పాత ఆటలో హీరోలు ఏదైనా భవనంలోకి దూరితే లోపలి దృశ్యం ఆ తెర మీద కనిపించేది. ఇప్పుడు దాన్ని టీవీ బొమ్మ మీదే చిన్న కిటికీగా అతికించారు. కావాలంటే దాని సైజు మార్చుకోవచ్చు. పాత యంత్రాన్ని ఎన్నడూ చేత్తో పట్టనివాళ్లు మాత్రం, ఈ కిటికీ ఇక్కడెందుకుందా అని తల గోక్కుంటారు.