మీకు తెలుసా? ‘పేపర్లో పడింది’ అన్న మాట వెనక

ఊళ్లో ఏ సంగతి జరిగినా ‘పేపర్లో పడిందా?’ అని అడగడం మనకు అలవాటు. చెరువుకు గండి పడటం, బడి పైకప్పు పెచ్చులూడటం, పక్కింటి పిల్లకు జిల్లా ఫస్టు రావడం... కళ్లారా చూసిన సంగతే అయినా అచ్చులో చూసుకుంటే గానీ మనసు నిండదు. ఊరి కబురు మోసే ఆ కాగితంతో మన అనుబంధం ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో ఈసారి చూద్దాం.

రాజమండ్రి కోసం పుట్టిన పత్రిక మొదట మద్రాసులో అచ్చయ్యేదని మీకు తెలుసా? కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ మొదలుపెట్టినప్పుడు తొలి సంచికలను మద్రాసులో వేయించి తెప్పించుకునేవారు. ఆ తర్వాత రాజమండ్రిలో సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు. ఊళ్లోనే అచ్చు, ఊళ్లోనే పాఠకుడు. లంచాలు తీసుకునే స్థానిక అధికారుల గురించి రాస్తే వాళ్లూ మర్నాడు అదే వీధిలో ఎదురయ్యేవారు. ఊరి పత్రిక నడపడానికి కావలసిన ధైర్యం ఏమిటో ఈ ఒక్క సంగతితో తెలుస్తుంది.

పాత పత్రికల పేర్లు గమనించండి. 1902లో బందరు నుంచి వచ్చినది ‘కృష్ణాపత్రిక’. 1922లో నల్లగొండ నుంచి వచ్చినది ‘నీలగిరి పత్రిక’. నీలగిరి అంటే నల్లగొండకే మరో పేరు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో పెట్టినది ‘గోలకొండ పత్రిక’. నదో కొండో కోటో, ఏదో ఒకటి ఊరి గుర్తు పేరులోనే ఉండేది.

వీటన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించేది ‘తెనుగు పత్రిక’. అది ఏ పట్నం నుంచీ రాలేదు. అప్పటి వరంగల్లు జిల్లాలోని ఇనుగుర్తి అనే పల్లె నుంచి 1922లో వచ్చింది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు దాన్ని నడిపారు. నిజాం రాజ్యంలో, తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, ఒక పల్లెటూళ్లో ప్రెస్సు పెట్టి వారం వారం పత్రిక తీయడమంటే మాటలా! ఇనుగుర్తి ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆ దారిన వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఆ ఊరిని చూడండి.

‘వివేకవర్ధని’ పుట్టిన సరిగ్గా నూరేళ్లకు, 1974 ఆగస్టు 10న, విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలైంది. అంతకుముందు విశాఖ పాఠకుడు ఎక్కువగా విజయవాడలో అచ్చయి వచ్చే పేపర్ల కోసం ఎదురుచూసేవాడు. మధ్యలో మూడొందల యాభై కిలోమీటర్ల దూరం. కట్టలు రైలు దిగి ఇంటికి చేరేసరికి పొద్దెక్కేది. కొత్త పేపరు ఆ ఊళ్లోనే అచ్చయి తెల్లవారకముందే గుమ్మంలో పడింది. పేపరు అంటే పొద్దున్నే, కాఫీతో పాటు అన్న అలవాటు ఆ తరంలో బలపడింది.

ఇక జిల్లా టాబ్లాయిడ్ సంగతి. పెద్ద పేపరు మధ్యలో సగం సైజులో మడిచి పెట్టే ఆ చిన్న పేపరు 1989లో ‘ఈనాడు’తో మొదలైంది. తర్వాత మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. భారతదేశంలో పత్రికల విస్తరణ గురించి పరిశోధించిన ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా పరిశీలించారు.

అది అప్పుడే ఎందుకు సాధ్యమైందన్నది ఆలోచించవలసిన విషయం. 1985లో తాలూకాలను విడగొట్టి రాష్ట్రమంతటా వెయ్యికి పైగా మండలాలు చేశారు. ఎమ్మార్వో ఆఫీసు, మండల పరిషత్తు, పోలీసు స్టేషను ఊరికి దగ్గరగా వచ్చాయి. వాటితోపాటే వార్తలూ దగ్గరయ్యాయి. మండలానికో విలేకరి పుట్టుకొచ్చాడు. పగలు వేరే పని చేసుకుంటూ, సాయంత్రం వార్త రాసి బస్సు డ్రైవరు చేతికి కవరు ఇచ్చి పంపినవాళ్లు వాళ్లలో ఎందరో. రెండో కారణం డబ్బు. రాష్ట్రమంతా తిరిగే పేపర్లో ప్రకటన ఇవ్వాలంటే తెనాలి బట్టల కొట్టుకో, సిద్దిపేట ట్యుటోరియల్‌కో తాహతు సరిపోదు. జిల్లా వరకే అయితే భరించగలరు. పెళ్లిరోజు శుభాకాంక్షలు, వర్ధంతి నివాళులు, ‘కొత్త బ్యాచ్ ప్రారంభం’ అనే చిన్న డబ్బాలు అలా వచ్చాయి. చాలామంది ఇళ్లలో ముందు తెరిచేది ఆ చిన్న పేపరే. ప్రధానమంత్రి ప్రసంగం తర్వాత చదవొచ్చు, మన ఫీడరులో రేపు కరెంటు ఎప్పుడు పోతుందో ముందు తెలియాలి.

ఆ చిన్న పేపరు ఎంత పెద్ద పని చేసిందో దూబగుంట చెబుతుంది. నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటూ సారా గురించి మాట్లాడుకున్నారు. రోశమ్మ వంటి మహిళలు ముందు నిలిచి సారా అంగడిని మూయించారు. ఒక ఊళ్లో జరిగింది పక్క ఊరికి తెలియకపోతే అక్కడితో ఆగిపోయేదే. 1992లో జిల్లా పేజీలు ఏ ఊళ్లో ఏ అంగడి మూతపడిందో రోజూ మోసుకెళ్లాయి. తమ పేర్లను, తమ ఊరి పేరును అచ్చులో చూసుకున్న ఆడవాళ్లలో అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం నేర్చినవాళ్లు ఉన్నారు. ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

పేపరు అడుగున వరసగా నాలుగు చిన్న రంగు చుక్కలు ఉంటాయి, చూశారా? నీలం, ముదురు గులాబి, పసుపు, నలుపు. పేపర్లోని రంగు బొమ్మలన్నీ ఆ నాలుగు సిరాల కలయికే. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది. నాలుగూ సరిగ్గా ఒకదానిపై ఒకటి పడ్డాయో లేదో ప్రెస్సులో చూసుకోవడానికి ఆ గుర్తులు పనికొస్తాయి. ఒక ప్లేటు వెంట్రుక వాసి జరిగినా మంత్రిగారికి రెండు మీసాలు కనిపిస్తాయి.

పాత పేపరు పసుపు రంగుకు ఎందుకు తిరుగుతుంది? చౌక రకం కాగితంలో కర్రకు సంబంధించిన లిగ్నిన్ అనే పదార్థం మిగిలి ఉంటుంది. ఎండ, గాలి తగిలితే అది రంగు మారుతుంది. ఆయుష్షు తక్కువని తెలిసే ఆ కాగితం వాడతారు.

చదివేశాక కూడా పేపరుతో మన చుట్టరికం తీరేది కాదు. బీరువా అరల్లో పరుపు, పుస్తకాలకు అట్ట, కిటికీ అద్దాలకు తుడుపుగుడ్డ, కిలోల లెక్కన అమ్మితే ఇంటి ఖర్చుకు చిల్లర. మిరపకాయ బజ్జీల పొట్లం విప్పి, నూనె మరకల మధ్య సగం కథ చదివి, మిగతా సగం కోసం మనసు కొట్టుకున్నవాళ్లు ఎందరో. ఆ పొట్లం మాత్రం ఇక వద్దు. అచ్చు సిరాలో ఆరోగ్యానికి హాని చేసే పదార్థాలు ఉంటాయి. తినే వస్తువులను వార్తాపత్రికల్లో చుట్టకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నాటి నిబంధనల్లో స్పష్టంగా చెప్పింది.

అమ్మిన కాపీలు వేరు, చదివేవాళ్లు వేరు. 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ (ఏబీసీ) అమ్మిన కాపీలను లెక్కిస్తుంది. చదివేవాళ్లను పాఠక సర్వేలు లెక్కిస్తాయి. మంగలి షాపులో, టీ కొట్టులో, గ్రంథాలయంలో ఒక్క కాపీని ఎంతమంది తిరగేస్తారో మనకు తెలుసు. ఒకరు మెయిన్, ఇంకొకరు సినిమా పేజీ, బల్ల చివర కూర్చున్న పెద్దాయన టాబ్లాయిడ్. అలా పంచుకుని చదివిన పేపరు మీద మాటా మాటా నడిచేది. ఫోన్లో ఎవరి తెర వాళ్లదే. నాకు వెలితిగా తోచేది ఇదే.

పదో తరగతి ఫలితాలు హాల్‌టికెట్ నంబర్ల వరసలుగా పేపర్లో వచ్చిన రోజులు మీలో ఎంతమందికి గుర్తున్నాయి? మా ఊళ్లో బస్టాండు దగ్గర కట్ట దిగేసరికి యాభై మంది మూగేవాళ్లు. నా నంబరు వెతికింది నేను కాదు, పేపర్లు వేసే అన్న. చీమంత అంకెల మీద వేలు జరుపుతూ పోయి ఒకచోట ఆపాడు. ఏమీ అనలేదు, నా వీపు తట్టాడు. ఆ కాపీని మా నాన్న చాలా ఏళ్లు దాచారు. ఇప్పటి పిల్లలకు మార్కులు వాట్సాప్‌లోకే వస్తున్నాయి. వేగం మంచిదే, ఎదురుచూపుల బాధ తగ్గింది. ఆ వేలు ఆగిన చోటు మాత్రం నేను మరిచిపోలేదు.

పేపరు మానేసిన ఇళ్లలో ఎన్నో 2020 మార్చిలోనే మానేశాయి. లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో కాగితం మీద వైరస్ వస్తుందన్న భయంతో అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర పేపరు కుర్రాళ్లను ఆపేశారు. కాగితం ద్వారా సోకే ప్రమాదం చాలా తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా భయం మాట విన్నవాళ్లే ఎక్కువ. భయం పోయింది. తెల్లవారగానే గుమ్మం వైపు చూసే అలవాటు మాత్రం చాలా ఇళ్లకు తిరిగి రాలేదు.

మరి ఊరి వార్త మీద ఆకలి తగ్గిందా? లేదు. తెల్లవారుజామున ఐదున్నరకు మన దగ్గర ఈ-పేపరు తెరిస్తే, వేసవిలో డాలస్‌లో అప్పుడు ముందురోజు సాయంత్రం ఏడు గంటలు. అంటే అక్కడి తెలుగువాళ్లు రేపటి జిల్లా పేజీని ఇవాళ రాత్రి భోజనానికి ముందే చదివేయొచ్చు. మండల కేంద్రంలో ఉన్న నాన్న పొద్దున్నే ఫోన్ చేసి ‘మన వంతెన గురించి రాశారు చూశావా’ అంటే, ‘ఇందాకే చూశాను నాన్నా’ అని జవాబు.

ఇంకో విచిత్రం గమనించండి. ఎవరి పేరైనా పేపర్లో పడితే వాళ్లు మొదట చేసే పని ఆ ముక్కను ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టడం. ఇంటికి పేపరు వేయించుకోనివాళ్లు కూడా ఆ కటింగ్‌ను పదిమందికి పంపుతారు. అసలు ప్రెస్సు ముఖమే చూడని పత్రికలూ పుట్టాయి. మాస్ట్‌హెడ్, కాలమ్‌లు, పతాక శీర్షిక అన్నీ అచ్చు పేపరులాగే ఉండి, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రమే తిరుగుతాయి. అచ్చు లేకపోయినా అచ్చులాగా కనిపించాలి! అక్షరం కాగితం మీద ఎక్కితే దానికొక విలువ వస్తుందన్న నమ్మకం మనలో అంత లోతుగా ఉంది.

పాత పేపర్లు చూడాలనుకునేవాళ్లు వేటపాలెం వెళ్లండి. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత తెలుగు పత్రికల సంచికలను భద్రంగా దాచింది. మనం చించి పొట్లాలు కట్టినవాటిని అక్కడ బైండు చేసి ఉంచారు.

చివరిగా, పేపరు మానేసినవాళ్లకు తప్పక తెలియవలసిన సంగతి ఒకటుంది. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వం భూమి తీసుకోదలిస్తే తొలి ప్రకటనను గెజిట్‌తో పాటు ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో వేయాలి. వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండి తీరాలి. పంచాయతీ కార్యాలయంలోనూ, వెబ్‌సైట్‌లోనూ పెట్టాలన్న నిబంధన ఉంది. కానీ పంచాయతీ గోడ చూసేదెందరు, ఆ వెబ్‌సైట్ తెరిచేదెందరు? లోపలి పేజీలో, సన్నటి అక్షరాల్లో, సర్వే నంబర్ల పట్టికగా వచ్చే ఆ ప్రకటనను ఇదివరకు టీ కొట్టులో ఎవరో ఒకరు చదివి ‘ఒరే, ఇందులో మీ నాన్న పొలం నంబరు ఉందిరా’ అని కేక వేసేవారు. అభ్యంతరం చెప్పుకోవడానికి రైతుకు ఉన్న గడువు, ప్రకటన వెలువడిన నాటి నుంచి 60 రోజులు.