వ్యవస్థీకృత నేరనాయకుడి జీవితచరిత్ర: నయీం ఉదంతంలో ఆధారాల సమస్య

వ్యాససంగ్రహం:
అమెరికా నేరచరిత్రలో అల్ కపోన్ పేరు ఎంత ప్రసిద్ధమో, తెలుగు నేలపై గత దశాబ్దంలో నయీం పేరు అంత ప్రచారం పొందింది. ఒకరి ప్రస్థానం న్యాయస్థానంలో విచారణతోను, మరొకరి ప్రస్థానం పోలీసు ఎదురుకాల్పులతోను ముగిసింది. ఈ భేదం వారి జీవితచరిత్రలను రాయడానికి లభించే ఆధారాల స్వభావాన్నే మార్చివేసింది. నయీం జీవితంలోని ప్రధాన ఘట్టాలను వివరించి, వాటిలో నిర్ధారితమైనది ఏది, ఆరోపణ ఏది, కథనం ఏది అనే విచక్షణ పరిశోధకులకు ఎందుకు అవసరమో తెలియజేయడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వ్యవస్థీకృత నేరం, నయీం, అల్ కపోన్, భూదందా, ఎదురుకాల్పులు, జీవితచరిత్ర, బెల్లి లలిత.

1. ఉపోద్ఘాతం:
తెలుగు పాఠకులకు, ప్రేక్షకులకు నేరసామ్రాజ్యాధిపతి ప్రధానంగా వెండితెర ద్వారానే పరిచయమయ్యాడు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు ఇందుకు ఆసక్తికరమైన ఉదాహరణ. కృష్ణంరాజు, చిరంజీవి ఇద్దరికీ అది జన్మస్థలం. 2009లో వచ్చిన 'బిల్లా'లో కృష్ణంరాజు డాన్‌ను వేటాడే పోలీసు అధికారిగా నటించగా, ఆయన సోదరుని కుమారుడు ప్రభాస్ డాన్ పాత్రను పోషించాడు. 2022లో వచ్చిన 'గాడ్‌ఫాదర్'లో చిరంజీవి నీడలో ఉండి అధికారాన్ని శాసించే నాయకుడిగా కనిపిస్తాడు. మలయాళ చిత్రం 'లూసిఫర్'కు అది పునర్నిర్మాణమైనా, దాని శీర్షిక మేరియో పుజో 1969 నాటి నవలను, 1972లో కొప్పోలా తీసిన చిత్రాన్ని గుర్తుకు తెస్తుంది.

ఈ కల్పిత నాయకులకు ఒక నీతి, ఒక కుటుంబం, ఒక ఆశ్రితవర్గం ఉంటాయి. వాస్తవంలోని నేరనాయకుడిని కూడా ఈ మూసలోనే ఊహించుకోవడం పరిపాటి అయింది. అందుచేత వాస్తవ ఉదంతాన్ని ఆధారాల వెలుగులో పరిశీలించడం అవసరం.

2. వ్యవస్థీకృత నేరం - భావన:
ఒక వ్యక్తి ఆవేశంతోనో అవసరంతోనో చేసే నేరానికీ, వ్యవస్థీకృత నేరానికీ తేడా ఉంది. రెండవదానిలో నిరంతరత, పనుల విభజన, ఆర్థిక లాభాపేక్ష, భయపెట్టే శక్తి కలిసి ఉంటాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరాన్ని నిర్వచిస్తూ అపహరణ, బలవంతపు వసూళ్లు, భూ ఆక్రమణ, కిరాయి హత్య వంటివాటిని పేర్కొన్నది. అంతకు ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో వ్యవస్థీకృత నేరాల నియంత్రణకు ప్రత్యేక చట్టం వచ్చింది. ఈ నిర్వచనంలోని అంశాలలో అధికభాగం నయీంపై వచ్చిన ఆరోపణలలో కనిపిస్తుంది.

నిర్వచనంలో స్పష్టంగా కనిపించని మరొక లక్షణం కూడా ఉంది. చట్టాన్ని అమలు చేయవలసినవారిలో కొందరి మౌనమో సహకారమో లేకుండా ఇటువంటి ముఠా దీర్ఘకాలం మనజాలదు. షికాగోలోనైనా భువనగిరిలోనైనా నేరనాయకుడి చరిత్ర కొంతమేరకు ప్రభుత్వ యంత్రాంగపు చరిత్ర కూడా.

3. అల్ కపోన్ - విచారణ మిగిల్చిన ఆధారం:
1899 జనవరి 17న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఇటలీ వలస కుటుంబంలో అల్ కపోన్ జన్మించాడు. జానీ టోరియో అనుచరుడిగా షికాగో చేరాడు. 1920లో అమెరికాలో మద్యనిషేధం అమలులోకి రావడంతో దొంగసారా వ్యాపారం విస్తరించింది. 1925లో టోరియో తప్పుకున్న తరువాత ముఠా నాయకత్వం కపోన్‌కు దక్కింది. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురి కాల్చివేత జరిగింది. ఆ హత్యాకాండలో కపోన్ పాత్ర ఉన్నదని విస్తృతంగా భావించినా, ఆ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు.

కపోన్‌ను చివరకు బంధించినది ఆదాయపు పన్ను చట్టం. అక్రమార్జనకు కూడా పన్ను చెల్లించవలసిందేనని అమెరికా సర్వోన్నత న్యాయస్థానం 1927లోనే తీర్పునిచ్చింది. 1926లో ఒక జూదగృహంపై దాడిలో దొరికిన ఖాతాపుస్తకం, దానిని రాసిన గుమాస్తా సాక్ష్యం విచారణలో కీలకమయ్యాయి. 1931 అక్టోబర్ 17న న్యాయనిర్ణేతల బృందం కపోన్‌ను దోషిగా తేల్చింది. వారం రోజులకు పదకొండేళ్ల శిక్ష పడింది. 1939లో విడుదలైన కపోన్ 1947 జనవరి 25న ఫ్లోరిడాలో మరణించాడు.

ఈ తీర్పు హత్యలను గురించి ఏమీ చెప్పదు. పన్నును గురించి మాత్రమే చెబుతుంది. అయినా ప్రమాణం చేసిన సాక్షులు, ప్రశ్నించిన న్యాయవాదులు, పరీక్షకు నిలిచిన పత్రాలు అక్కడ ఉన్నాయి. చరిత్రకారుడు కాలుమోపడానికి ఆ మేరకు గట్టినేల ఏర్పడింది.

4. నయీం - జీవనప్రస్థానం:

4.1 ఉద్యమం నుంచి ముఠాకు:
మహమ్మద్ నయీముద్దీన్ ఉమ్మడి నల్లగొండ జిల్లా భువనగిరికి చెందినవాడు. యువకుడిగా పీపుల్స్‌వార్ ఉద్యమంలో చేరాడు. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో ఐ.పి.ఎస్. అధికారి కె.ఎస్. వ్యాస్ హత్యకు గురయ్యారు. నక్సలైట్లను ఎదుర్కొనేందుకు ఏర్పడిన గ్రేహౌండ్స్ దళానికి ఆయన రూపకర్త. ఈ కేసులో నయీం నిందితుడు. జైలు జీవితకాలంలో పార్టీతో విభేదించి, అనంతరం పోలీసులకు సమాచారదాతగా మారాడని అనేక కథనాలు పేర్కొన్నాయి.

1990ల చివర, 2000ల తొలినాళ్లలో 'గ్రీన్ టైగర్స్', 'నల్లదండు', 'కోబ్రాలు' వంటి పేర్లతో అజ్ఞాత ముఠాలు తలెత్తాయి. పౌరహక్కుల సంఘం నాయకుడు పురుషోత్తం 2000 నవంబర్‌లో, నల్లగొండలో అజంఅలీ 2001 ఫిబ్రవరిలో హత్యకు గురయ్యారు. అంతకుముందు 1999 మే నెలలో తెలంగాణ పాటకు గొంతునిచ్చిన గాయని బెల్లి లలిత భువనగిరి ప్రాంతంలో దారుణహత్యకు గురైంది. ఈ హత్యల వెనుక నయీం ముఠా ఉన్నదనీ, దానికి పోలీసుల అండ ఉన్నదనీ పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. మాజీ మావోయిస్టు నాయకుడు సాంబశివుడు 2011 మార్చిలో, ఆయన సోదరుడు కోనపురి రాములు 2014 మేలో హత్యకు గురైనప్పుడు కూడా ఇదే పేరు వినిపించింది.

4.2 భూదందా:
హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే రహదారి పొడవునా ఘట్‌కేసర్, భువనగిరి, యాదగిరిగుట్ట ప్రాంతాలలో భూముల విలువ వేగంగా పెరిగింది. వ్యవసాయభూమి ప్లాట్లుగా మారే దశలో సరిహద్దు వివాదాలు, వారసత్వపు తగాదాలు, అసంపూర్తి పత్రాలు సహజం. సివిల్ కోర్టులో తీర్పు రావడానికి ఏళ్లు పట్టే చోట, తక్షణమే తేల్చేవాడికి గిరాకీ ఏర్పడుతుంది. జనవ్యవహారంలో 'సెటిల్‌మెంట్' అనే మాట వెనుక ఉన్న వ్యవస్థ ఇదే. రియల్ ఎస్టేట్ వ్యాపారులను, భూయజమానులను ఫోన్‌లో బెదిరించి డబ్బు వసూలు చేయడం, భూములను అనుచరుల, బంధువుల పేర్లతో రిజిస్ట్రేషన్ చేయించుకోవడం నయీం ముఠా పద్ధతులని మరణానంతరం వచ్చిన ఫిర్యాదులు వెల్లడించాయి.

ఇక్కడ భయానికి మూలం ఆయుధం ఒక్కటే కాదు. ఫిర్యాదు చేస్తే ఆ సంగతి ముందుగా చేరేది నయీం చెవికేనన్న నమ్మకం బాధితుల నోరు కట్టివేసింది. ఉద్యమకాలంలో నేర్చిన అజ్ఞాతజీవన పద్ధతులు, పోలీసు పరిచయాలతో కలిగిన రక్షణ, భూవిపణి సమకూర్చిన ధనం అనే మూడు ధారలు కలిసిన చోట ఈ నేరసామ్రాజ్యం ఏర్పడింది.

4.3 షాద్‌నగర్:
2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లోని మిలీనియం టౌన్‌షిప్‌లో జరిగిన ఎదురుకాల్పుల్లో నయీం మరణించాడని పోలీసులు ప్రకటించారు. వ్యాస్ రూపొందించిన గ్రేహౌండ్స్ బలగాలు ఈ చర్యలో పాల్గొన్నాయన్న వార్త ఒక వృత్తం పూర్తయిన భావనను కలిగించింది. అనంతరం ఐ.జి. నాగిరెడ్డి నేతృత్వంలో ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పడింది. సోదాలలో నగదు, ఆయుధాలు, భూపత్రాలు బయటపడ్డాయి. 2017 మేలో నయీంతో సంబంధాల ఆరోపణపై ఐదుగురు పోలీసు అధికారులు సస్పెండయ్యారు.

5. ఆధారాల మూడు అంతరువులు:
నయీం జీవితాన్ని రాయబూనే పరిశోధకునికి మూడు రకాల సామగ్రి లభిస్తుంది. మొదటిది నిర్ధారితం. హత్యల తేదీలు, స్థలాలు, దర్యాప్తు బృందం ఏర్పాటు, సస్పెన్షన్ ఉత్తర్వులు ఈ కోవలోనివి. రెండవది ఆరోపణ. ఎవరి ఆజ్ఞపై ఏ హత్య జరిగింది, ఏ అధికారి ఏ మేరకు సహకరించాడు అనేవి ఇందులో చేరతాయి. మూడవది కథనం. క్రౌర్యం గురించిన వదంతులు, మారువేషాల కథలు, ధనరాశుల అంచనాలు ఈ వర్గానికి చెందుతాయి.

నిందితుడు మరణిస్తే అతనిపై నేరవిచారణ ఆగిపోతుంది. దానితో రెండవ అంతరువు మొదటిదానిలోకి చేరే ప్రధాన మార్గం మూసుకుపోయింది. అనుచరులపై కేసులు నడిచినా, ఎవరి రక్షణలో ఎదిగాడనే ప్రశ్నకు నయీం స్వయంగా చెప్పగలిగిన సమాధానం లేకుండా పోయింది. ఎదురుకాల్పుల మరణాలపై స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రాముఖ్యం ఇక్కడ స్పష్టమవుతుంది. ఆ విచారణ మృతుని హక్కుకే కాక, బాధితులకు సత్యం తెలుసుకొనే హక్కుకు కూడా సంబంధించినది.

భాష విషయంలోనూ జాగ్రత్త అవసరం. 'మాజీ నక్సలైట్' అన్నప్పుడు నేరానికి మూలం ఉద్యమంలో ఉన్నట్లు, 'గ్యాంగ్‌స్టర్' అన్నప్పుడు వ్యక్తి స్వభావంలో ఉన్నట్లు ధ్వనిస్తుంది. యంత్రాంగంతో అతని సంబంధాన్ని ఈ రెండు విశేషణాలూ సూచించవు. విశేషణం ఎంపికలోనే ఒక తీర్పు ఇమిడి ఉంటుంది.

6. ఖాళీని నింపిన సినిమా:
న్యాయవిచారణ వదిలిన ఖాళీలోకి సినిమా ప్రవేశించింది. 2021 డిసెంబర్‌లో విడుదలైన 'నయీం డైరీస్' చిత్రంలో బెల్లి లలితను పోలిన పాత్రచిత్రణపై ఆమె కుటుంబసభ్యులు, తెలంగాణ ఉద్యమకారులు తీవ్ర అభ్యంతరం తెలిపారు. చిత్రబృందం క్షమాపణ చెప్పింది. నేరనాయకుడిని కథానాయకుడిగా నిలిపినప్పుడు, హతురాలు అతని కథలో ఒక ఘట్టంగా కుదించుకుపోయే ప్రమాదాన్ని ఈ వివాదం వెల్లడించింది. లలిత తన పాటతో, తన శ్రమజీవితంతో స్వతంత్రంగా పరిశోధనార్హురాలు. నయీం బాధితురాలిగా మాత్రమే ఆమెను పేర్కొనడం ఆ జీవితానికి న్యాయం చేయదు.

7. ముగింపు:
- కపోన్, నయీం ఇద్దరూ అమలుకాని చట్టానికీ, పెరిగిన విపణికీ మధ్య ఎదిగినవారే. ఒకరికి మద్యం, మరొకరికి భూమి ఆర్థిక పునాది అయ్యాయి.
- కపోన్ విచారణ అసంపూర్ణమైనా పరీక్షకు నిలిచిన ఆధారాలను మిగిల్చింది. షాద్‌నగర్ ఘటనతో నయీం విషయంలో ఆ అవకాశం సన్నగిల్లింది.
- ఆరోపణను నిర్ధారణగా రాస్తే నయీంకు లేని శక్తులను ఆపాదించినట్లవుతుంది. పైగా, అతనికి అండగా నిలిచినవారు మరుగున పడతారు.
- నయీం జీవితచరిత్రను బాధితుల వైపు నుంచి, భూపత్రాల వైపు నుంచి, కోర్టు దస్త్రాల వైపు నుంచి రాయవలసి ఉంది. తెర మీది డాన్‌కూ నేల మీది నేరనాయకుడికీ మధ్య ఉన్న దూరం అప్పుడే స్పష్టమవుతుంది.