నాడి నడక

తల్లి గర్భంలో మొదలై కడ ఊపిరి వరకు విశ్రాంతి ఎరుగక పనిచేసే అవయవం గుండె. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె ఒక్క రోజులో లక్షా మూడు వేలకు పైగా స్పందనలను పూర్తిచేస్తుంది. ప్రతి స్పందనలోనూ గుండె నుండి వెలువడిన రక్తం ధమనుల వెంట అలవలె సాగుతుంది. మణికట్టు వద్ద వేళ్ళకు తగిలే ఆ అలనే నాడి అంటారు. తెలుగువారి వాడుకలో ఈ మాటకు విస్తృతి ఎక్కువ. జనుల మనసెరిగిన నాయకుణ్ణి ప్రజల నాడి తెలిసినవాడని మెచ్చుకుంటారు. భయం కలిగితే గుండె దడదడలాడిందని, ధైర్యవంతుణ్ణి గుండె నిబ్బరం గలవాడని చెప్పుకుంటారు. మనఃస్థితికీ గుండె వేగానికీ గల సంబంధాన్ని భాష ఏనాడో గుర్తించింది.

నాడిని పరిశీలించి ఆరోగ్యాన్ని తెలుసుకోవాలన్న ప్రయత్నం చాలా ప్రాచీనమైనది. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలోని హెరోఫిలస్ అనే గ్రీకు వైద్యుడు నీటి గడియారం సాయంతో నాడిని లెక్కించాడు. మన దేశంలో శార్ఙ్గధర సంహిత నాడీ పరీక్షను వర్ణించింది. వాతం ప్రకోపిస్తే నాడి పామువలె, జలగవలె సాగుతుందని, పిత్తం ప్రకోపిస్తే కాకివలె, కప్పవలె గెంతుతుందని, కఫం ప్రకోపిస్తే హంసవలె, పావురంవలె మెల్లగా నడుస్తుందని ఆ గ్రంథం తెలుపుతుంది. ఆంధ్రదేశపు వైద్యులు ఆదరించిన బసవరాజీయంలోనూ నాడీ పరీక్షకు స్థానం లభించింది. 1707లో జాన్ ఫ్లోయర్ అనే ఆంగ్ల వైద్యుడు సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారంతో నాడిని లెక్కించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అంతవరకు ఎక్కువగా ఉపమానాలతో చెప్పిన నడకను అంకెతో చెప్పడం క్రమంగా అలవాటయింది. నేటి వైద్యులు వేగాన్నీ, నడకలోని క్రమాన్నీ రెండింటినీ గమనిస్తారు.

గుండె వేగాన్ని నిర్ణయించే కేంద్రం గుండెలోనే ఉంది. కుడి కర్ణిక పైభాగంలో ఉన్న ఆ చిన్న కణజాలాన్ని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. నరాల ప్రభావమేదీ లేనప్పుడు ఈ కేంద్రం నిమిషానికి దాదాపు 100 స్పందనలను పుట్టిస్తుంది. మెదడు నుండి వచ్చే వేగస్ నరం దానికి కళ్ళెం వేస్తుంది. అందువల్ల విశ్రాంతి వేళ గుండె అంతకంటె నెమ్మదిగా నడుస్తుంది. భయం, శ్రమ, జ్వరం వంటివి కలిగినప్పుడు కళ్ళెం సడలుతుంది. వేగం పెంచే నరాలు, హార్మోనులు పని మొదలుపెడతాయి.

విశ్రాంతిగా ఉన్న పెద్దవారి నాడి నిమిషానికి 60 నుండి 100 వరకు ఉంటే సాధారణమని వైద్యశాస్త్రం చెబుతుంది. అప్పుడే పుట్టిన శిశువు గుండె 100 నుండి 160 సార్లు కొట్టుకోవడం సహజమే. వయసు పెరిగేకొద్దీ ఆ వేగం తగ్గి, కౌమారం నాటికి పెద్దవారి స్థాయికి చేరుతుంది. అయితే ఈ హద్దులు జనసామాన్యానికి వేసిన గీతలు మాత్రమే. ఏ వ్యక్తికి ఏది సహజమో వాటిని బట్టి మాత్రమే తేల్చడం సాధ్యం కాదు.

ఒకే తరగతిలో చదివే ఇద్దరు విద్యార్థులను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక యువకుడు ఏళ్ళ తరబడి దూరపు పరుగు సాధన చేస్తున్నాడు. అతని నాడి 48. హద్దుకు దిగువనే ఉన్నా అతనికి ఏ బాధా లేదు. సాధనవల్ల బలపడిన గుండె ఒక్కొక్క స్పందనలో ఎక్కువ రక్తాన్ని పంపుతుంది కనుక తక్కువ స్పందనలు సరిపోతాయి. అతని సహాధ్యాయిని నాడి 96. హద్దుకు లోబడే ఉంది. కాని కొన్ని నెలల క్రితం ఆమె నాడి 74 మాత్రమే. కొంతకాలంగా మేడ మెట్లు ఎక్కితే ఆయాసం, తరగతిలో నీరసం ఆమెను వేధిస్తున్నాయి. ఇంటివారు పరీక్షల బెంగ అనుకుని ఊరుకున్నారు. నిజానికి వైద్యుని వద్దకు వెళ్ళవలసినది హద్దులో ఉన్న ఆమె. హద్దు దాటిన అతడు కాదు.

ఇటువంటి సందర్భంలో మొదట అనుమానించవలసిన వాటిలో రక్తహీనత ఒకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ లోపు బాలికలలో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తగ్గినప్పుడు, ఆ లోటును పూడ్చడానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. చిన్న రక్తపరీక్షతో ఈ లోపం బయటపడుతుంది. తగిన చికిత్సతో తగ్గుతుంది. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా, వేసవిలో ఒంట్లో నీరు తగ్గినా నాడి వేగం పెరుగుతుంది. ఆ గ్రంథి మందగించినా, కొన్ని రకాల మందులు వాడినా, గుండెలోని విద్యుత్ ప్రవాహానికి ఆటంకం కలిగినా నాడి నెమ్మదిస్తుంది.

నాడిని చూసుకునే పద్ధతి తెలియకపోతే లెక్క తప్పుతుంది. అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చున్న తరువాతనే లెక్కించాలి. కాఫీ, టీ తాగిన వెంటనే, మెట్లెక్కి వచ్చిన వెంటనే లెక్కించరాదు. బొటనవేలి మొదట, మణికట్టుపై చూపుడువేలు, నడిమివేలు మెల్లగా ఆనించాలి. బొటనవేలితో చూడరాదు; దానిలోని నాడి లెక్కను తారుమారు చేయవచ్చు. 30 సెకన్ల లెక్కను రెండుతో హెచ్చించాలి. నడకలో క్రమం తప్పినట్లు తోస్తే పూర్తి నిమిషం లెక్కించాలి. ఉదయం పడక దిగకముందే వారం రోజులు చూసి రాసుకుంటే తన సహజమైన నాడి ఎంతో ఎవరికైనా తెలుస్తుంది. ఈనాటి చేతి గడియారాలు కొన్ని ఈ పని తామే చేస్తున్నాయి. అవి చూపే అంకె అనుమానంగా ఉంటే వేళ్ళతో సరిచూసుకోవడం మంచిది.

విశ్రాంతిలోనూ నాడి తరచుగా 100 దాటుతున్నా, సాధన లేనివారిలో 60కి బాగా తగ్గుతున్నా, నడక క్రమం తప్పుతున్నా వైద్యుని సంప్రదించాలి. ఛాతీ నొప్పి, తీవ్రమైన ఆయాసం, స్పృహ తప్పడం వంటి లక్షణాలు తోడైతే అంకె ఎంత అన్న విచారణతో కాలయాపన చేయరాదు. వెంటనే 108 వాహనాన్ని పిలవాలి.

గడియారం కనిపించినప్పుడల్లా నాడి లెక్కించి కలత చెందడం అనవసరం. ఆ కలతతోనే గుండె వేగం పెరుగుతుంది. నెలల తరబడి వేధించే నీరసాన్ని బెంగగా భావించి కొట్టివేయడమూ తగదు. తన సహజమైన నాడి ఎంతో ముందే ఎరిగినవారికి మార్పు వచ్చిన నాడు ఆ సంగతి తెలుస్తుంది. వైద్యుడు మొదట అడిగే ప్రశ్నకు వారి వద్ద సమాధానం సిద్ధంగా ఉంటుంది.