పుట్టుమచ్చకు సున్నం వైద్యం

పెళ్లిచూపులు దగ్గరపడితే ముఖం మీది పుట్టుమచ్చ ఆడపిల్లకు బరువవుతుంది. ఇరుగుపొరుగు చెప్పే వైద్యం ఒకటే: తాంబూలంలోకి వాడే సున్నం, బట్టల సోడా కలిపి చీపురుపుల్లతో అద్దడం. నీటితో ఆ రెండూ కలిస్తే తయారయ్యేది కాస్టిక్ సోడా. అది మచ్చనూ, మంచి చర్మాన్నీ ఒకేలా కాల్చేస్తుంది. కొందరు జీడిగింజ రసం పూస్తారు. ఒకప్పుడు చాకిరేవులో బట్టలకు గుర్తులు పెట్టిన రసమది. తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుందని పల్లెల్లో తెలియనివారు లేరు, అయినా పూస్తారు.

పొక్కు ఊడాక దిగులు మొదలవుతుంది. పుండు త్వరగా మానదు. వేరు లోపలే ఉంటే మచ్చ మళ్లీ వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్లో రాయించిన గుర్తు పోయిందే అని బెంగపడేవారూ ఉన్నారు. అన్నిటికన్నా పెద్ద భయం క్యాన్సర్. గిల్లినందువల్ల మామూలు మచ్చ క్యాన్సర్‌గా మారుతుందనడానికి ఆధారం లేదు. చిక్కల్లా ఆ మచ్చ ముందే చెడ్డదైతే. ఆస్పత్రిలో మత్తు సూది ఇచ్చి కోసిన ముక్కను పరీక్షకు పంపుతారు. ఇంట్లో కాల్చేసిన మచ్చలో పరీక్షకు ఏం మిగులుతుంది?

మన దేశంలో ఈ క్యాన్సర్ అరుదు. వచ్చినప్పుడు అరికాలిలోనో, గోటి కిందనో కనబడడం ఎక్కువ. దెబ్బ తగిలిందనుకుని ఊరుకుంటారు. మచ్చ పెరిగినా, అంచు వంకరపోయినా, రంగు మారినా, రక్తం కారినా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి. ఇప్పటికే సున్నం పెట్టుకున్నవారు పసరు పూయకుండా పుండును మంచినీటితో కడిగి, ధనుర్వాతం టీకా గురించి అడగాలి. చీము పట్టినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మొదట ఏం పూశారో అక్కడ దాచకుండా చెప్పాలి.