అరచేతి మీద రాసిన రీడింగులు

మనవరాలు పీహెచ్‌డీలో చేరింది. దసరా సెలవులకొచ్చి, నా చేతికి కాఫీ గ్లాసు ఇస్తూ, "తాతయ్యా, ల్యాబు నోట్సు పుస్తకంలో రాసుకోనా, ట్యాబులో రాసుకోనా?" అని అడిగింది.

"ఎక్కడైనా రాయి గానీ అరచేతి మీద మాత్రం రాయకు" అన్నాను.

డిగ్రీలో నేను చేసిన ఘనకార్యం అది. పర్మాంగనేటు టైట్రేషన్. అబ్జర్వేషన్ పుస్తకం హాస్టల్లో మర్చిపోయి, బ్యూరెట్ రీడింగులు మూడూ ఎడమ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. ఇంతలో పక్కవాడి బీకరు ఒలికింది. ఇద్దరం బల్ల తుడిచి చేతులు కడుక్కున్నాం. రీడింగులు సింకులో కలిశాయి. వేళ్ల మీద గోధుమరంగు మరక మాత్రం రెండు మూడు రోజులు వదల్లేదు. పర్మాంగనేటు చర్మానికి తగిలితే మాంగనీస్ డయాక్సైడుగా మారి అక్కడే తిష్ఠ వేస్తుంది మరి. ఉండాల్సింది పోయి, పోవాల్సింది ఉండిపోయింది.

"తర్వాతేం చేశావు?"

నేను మాట మార్చి ఫారడే దగ్గరికి వెళ్లిపోయాను.

మైకేల్ ఫారడే పద్నాలుగేళ్లకే లండన్‌లో పుస్తకాలు బైండింగు చేసే కొట్లో పనికి కుదిరినవాడు. తన ప్రయోగాల పుస్తకంలో పేరా పేరాకీ నంబరు వేసుకుంటూ పోయాడు. ఆఖరి నంబరు 16,041. ఏ సంగతి కావాలన్నా నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లొచ్చు. ఆ చివరి పేజీల్లో, 1862లో, ఒక ప్రయోగముంది. మంటని అయస్కాంత ధ్రువాల మధ్య పెట్టి, దాని వర్ణపటంలో గీతలు మారతాయేమోనని చూశాడు. మారలేదు. మారలేదనే రాశాడు. హాలెండులో జీమన్ అనే శాస్త్రవేత్త ఈ విఫలయత్నం గురించి ఎక్కడో చదివి, ఫారడే అంతటివాడు వెతికాడంటే ఇంకోసారి చూడాల్సిందే అనుకున్నాడు. 1896లో మెరుగైన పరికరం పెట్టి చూస్తే గీతలు వెడల్పయ్యాయి. 1902లో ఆయనకి, లోరెంజు అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిపి, నోబెల్ ఇచ్చారు.

"అయితే పుస్తకమేనంటావు!"

"ఆగవే. కాగితాలన్నీ ఒకటి కావు." ల్యాబు తక్కెడ నుంచి బరువు చీటీ వస్తుందే, అది వేడికి నల్లబడే పూత పూసిన కాగితం. ఏటీఎం చీటీలాంటిదే. పుస్తకంలో ఎంత భద్రంగా అతికించినా కొన్నేళ్లకి తెల్లమొహం వేస్తుంది. జెరాక్స్ తీసి అతికించాలి, లేదా పక్కనే పెన్నుతో అంకె రాసుకోవాలి.

ఇక కంప్యూటర్ సంగతి. ఇంగ్లండులో 1086లో భూముల లెక్కలు గొర్రెతోలు మీద రాయించారు. డూమ్స్‌డే పుస్తకం అంటారు. ఇప్పటికీ చదువుకోవచ్చు. దాని తొమ్మిదివందల ఏళ్ల పండక్కి, 1986లో, బీబీసీ వాళ్లు కొత్త డూమ్స్‌డే తయారుచేసి లేజర్ డిస్కుల్లో పెట్టారు. పదహారేళ్లు తిరక్కుండానే వాటిని ఆడించే యంత్రాలు కనపడటం మానేశాయి. డిస్కులో సరుకు ఉంది, తియ్యడానికి తాళంచెవి లేదు. దాన్ని బతికించడానికి ప్రత్యేకంగా పరిశోధకులు పూనుకోవాల్సొచ్చింది.

అలాగని యంత్రం నిమిషానికి వెయ్యి రీడింగులిస్తుంటే చేత్తో ఎక్కించుకోమంటానా? అవి కంప్యూటర్లోనే ఉండాలి, ఇంకోచోట నకలుతో సహా, ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేరూ అడక్కుండా తెరుచుకునే సాదా ఫైలుగా. నువ్వు కంటితో చూసింది, అనుమానపడింది, పొరపాటు చేసింది మాత్రం పుస్తకంలో బాల్‌పెన్నుతో రాయి. తప్పు పోతే ఒక్క గీతే కొట్టు, కింద అక్షరం కనపడేలా. సాయంత్రం ఫోన్లో ఫొటో తీసుకో. కుదుర్చుకున్న పద్ధతేదైనా, చిత్తుచీటీల మీద రాసి రాత్రికి ఎక్కిద్దాంలే అనుకుంటే రెండూ దండగే.

అప్పటికే మనవరాలు అటక మీద పెట్టె దించి, నా పాత కెమిస్ట్రీ రికార్డు తిరగేస్తోంది. ఓ పేజీ దగ్గర ఆగింది. కింద మా సారు ఎర్రసిరా సంతకం.

"తాతయ్యా, మూడు రీడింగులూ 18.4యేనా? ఒక్క చుక్క తేడా కూడా రాలేదా?"

"కాఫీ చల్లారిపోయిందే" అన్నాను.